హౌస్ సర్జెన్సీ ఏడాది పని నేర్చుకోవడానికా, పీజీ ఎంట్రన్స్‌కి చదువుకోవడానికా?

హౌస్ సర్జన్, కోస్తా
ఎంబీబీఎస్ అయ్యాక ఆసుపత్రిలో చేసే ఈ ఇంటర్న్‌షిప్ ఏడాది గురించి మా హాస్టల్లో రోజూ ఇదే గొడవ. వార్డులో కనబడనివాళ్లకి ఎక్స్‌టెన్షన్ వేస్తామని, అంటే ఇంటర్న్‌షిప్ పొడిగిస్తామని మా యూనిట్లో అంటున్నారు. నేనైతే చదువుకోనివ్వాలనే అంటాను. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. నేను ఎన్ని కాన్యులాలు పెట్టానో, ఎన్ని కుట్లు వేశానో దానికి ఒక్క మార్కు లేదు. 2025లో జులై 31కల్లా ఇంటర్న్‌షిప్ పూర్తవ్వాలన్నారు, పరీక్షేమో ఆగస్టు 3న. మరి ఎప్పుడు చదవాలి? పోనీ వార్డులో ఏమైనా నేర్పుతున్నారా అంటే శాంపిల్స్ ల్యాబ్‌కి మోయడం, రిపోర్టుల కోసం నిలబడటం, డిశ్చార్జ్ సమ్మరీలు రాయడం. దీన్ని శిక్షణ అంటారా?

ఇంకో ఇంటర్న్
నిజం. నిన్న వార్డు సహాయకుడు (ఎమ్మెన్వో) లేడని పేషెంటు ట్రాలీ నేనే తోసుకుంటూ స్కానింగ్‌కి తీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి రౌండ్స్ అయిపోయాయి.

పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్
తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. కానీ నువ్వు అడిగేదే నేను చేశాను. ఏం జరిగిందో చెప్తాను.

హౌస్ సర్జెన్సీలో సగం రోజులు లైబ్రరీలోనే గడిపాను. క్యాజువాలిటీ పోస్టింగ్ ఉన్నదే రెండు వారాలు, అందులో కూడా నైట్ డ్యూటీలు వేరేవాళ్లకి ఇచ్చేశాను. ఆ ఏడాది సీటు రాలేదు. పీహెచ్‌సీలో చేరాను. వరి కోతల రోజులు, చేరి ఇంకా నెల కాలేదు. రాత్రి ఎనిమిదింటికి ఒకావిడను ఆటోలో తెచ్చారు. మడమ పైన రెండు గాట్లు, వాపు పిక్క దాకా వచ్చేసింది. పామును ఎవరూ చూడలేదు.

20 నిమిషాల రక్తపరీక్ష నాకు కంఠతా వచ్చు. రెండు మిల్లీలీటర్ల రక్తం గొట్టంలో పోసి, కదపకుండా పెట్టి, 20 నిమిషాలయ్యాక వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిపోతే రక్తపింజర కాటని అనుమానించాలి. అంతా సరిగ్గానే చేశాననుకున్నాను. నేను పోసింది ప్లాస్టిక్ గొట్టంలో. అందులో మామూలు మనిషి రక్తం కూడా సరిగా గడ్డకట్టకపోవచ్చు. గాజుదే వాడాలని, అది పొడిగా, శుభ్రంగా ఉండాలని ఎక్కడో చదివే ఉంటాను, చేతికి మాత్రం తెలియదు. మా సిస్టర్ గారు చూసి, ఏమీ అనకుండా అల్మారాలోంచి గాజు ట్యూబు తీసి నా చేతిలో పెట్టారు. మళ్లీ రక్తం తీసి, గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డాను. వంచగానే నీళ్లలా జారింది. పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ పది వయల్స్ ఎక్కించడం మొదలుపెట్టాం. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోమని కూడా ఆవిడే గుర్తుచేశారు. తర్వాత 108లో జిల్లా ఆసుపత్రికి పంపాం. పేషెంటు బతికింది. ఆ సిస్టర్ గారు ఆ రోజు సెలవులో ఉండి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

పీజీ సీటు అందరికీ రాదు. రానివాళ్లం పీహెచ్‌సీల్లో, చిన్న నర్సింగ్ హోముల్లో నైట్ డ్యూటీల్లో ఉంటాం. పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. అందుకే మోత పని మీ నెత్తిన పెట్టొద్దని నేనూ అంటాను, కానీ మిగిలిన టైం లైబ్రరీకి కాదు, క్యాజువాలిటీకి ఇవ్వాలి. 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనల్లో, చేసిన పనులు రాసి సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్ పెట్టారు కదా. ఆ సంతకం నువ్వు పని చేస్తుంటే చూసినవాళ్లు పెట్టాలి. పోస్టింగ్ చివరి రోజు పుస్తకాలన్నీ ఒకచోట పేర్చి గబగబా పెట్టేసే సంతకం ఎందుకు?

యూకేలో పనిచేస్తున్న తెలుగు డాక్టర్
మేడమ్ చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. నేర్పే మనిషిని పెట్టకుండా హాజరు మాత్రం బిగిస్తే పిల్లలు వార్డులో కూర్చుని ఫోన్లో ప్రశ్నలు చేసుకుంటారు. నేను ప్లాబ్ (బయటి దేశాల డాక్టర్లకి యూకేలో పెట్టే పరీక్ష) రాసి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ చదువయ్యాక రెండేళ్ల ఫౌండేషన్ ప్రోగ్రామ్ ఉంటుంది, 2005లో మొదలైంది. మొదటి ఏడాది గట్టెక్కితేనే పూర్తి రిజిస్ట్రేషన్. ఒక్కొక్కరికీ ఫలానా సూపర్‌వైజర్ అని ముందే చెప్తారు. జూనియర్ పని చేస్తుంటే పక్కన నిలబడి, చూసి ఫారం నింపుతాం. రాతపని ఇక్కడా తక్కువేం కాదు, డిశ్చార్జ్ లెటర్లతో వాళ్ల వేళ్లు అరిగిపోతాయి. కానీ తప్పు చేస్తే ఎవరిని అడగాలో వాళ్లకి తెలుసు. మన దగ్గర ముందు ఆ పని జరగాలి, ఎక్స్‌టెన్షన్ బెదిరింపులు తర్వాత.

హౌస్ సర్జన్, కోస్తా
అక్కా, ర్యాంకు టెన్షన్ నాకు పోలేదు. ర్యాంకులో ఈ ఏడాది పనికి కొన్ని మార్కులైనా కలపాలని ఇప్పటికీ అంటాను, అప్పుడు ఎవరూ లైబ్రరీకి పారిపోరు. మార్కులు వేసేవాళ్లు మావాళ్లు, పైవాళ్లు అని చూస్తారని మా రూమ్మేట్ భయం, అదీ కొట్టిపారేయలేను. నాకు ఈ రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ ఉంది. మార్చుకుందామనుకున్నాను, ఇప్పుడు వెళ్తున్నాను. అక్కడ గాజు ట్యూబు ఎక్కడ పెడతారో ముందు చూడాలి.