ఉద్గారాల మీద నిబంధనలు ఇంకా బిగించాలా, ఉన్నవి అమలు చేస్తే చాలా?

కొలబద్ద:
కంపెనీలు వదిలే ఉద్గారాల మీద ప్రభుత్వాలు నిబంధనలు ఇంకా బిగించాలా వద్దా అన్నది ప్రశ్న. నా మాట ముందే చెప్పేస్తున్నాను, బిగించాలి. పొగ వదిలినందువల్ల మిగిలే డబ్బు కంపెనీ ఖాతాలో పడుతుంది. దాని ఖర్చు ఎక్కడో ఉండి ఆ గాలి పీల్చేవాడి మీద పడుతుంది. కంపెనీ జమాఖర్చుల్లో కనబడని ఖర్చును కంపెనీ తనంతట తాను ఎందుకు తగ్గిస్తుంది?

1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజులు పొగమంచు కమ్మేసింది, వేల మంది చనిపోయారు. బొగ్గు పొగ చెడ్డదని అప్పటిదాకా ఎవరికీ తెలియక కాదు. 1956లో చట్టం వచ్చి, పొగలేని ఇంధనమే వాడాలన్న ప్రాంతాలు ఏర్పడ్డాకే మార్పు మొదలైంది. అప్పుడు కంటికి కనబడే పొగ. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. స్వచ్ఛందంగా తగ్గిస్తాం అనే మాటల మీద నాకు నమ్మకం లేదు.

చిన్నపరిశ్రమ:
కొలబద్ద గారూ, మీరు కంపెనీ అన్నప్పుడల్లా నాకు నా షెడ్డే కళ్ళ ముందు కనబడుతుంది. పెద్ద సంస్థకి పర్యావరణ విభాగం ఉంటుంది, లాయర్లు ఉంటారు. నలభై మంది పనిచేసే నా యూనిట్‌లో ఫారాలు నింపేదీ నేనే, మోటారు కాలిపోతే పరిగెత్తేదీ నేనే. కొత్త రూల్ వచ్చిన ప్రతిసారీ ఒకటే టెన్షన్. గడువు ఎప్పుడు, ఆ పరికరం ఎవరి దగ్గర దొరుకుతుంది, బ్యాంకు అప్పు ఇస్తుందా లేదా. చిమ్నీకి పెట్టే మీటరు ఖరీదు, నా ఫ్యాక్టరీ చిన్నదని తగ్గదు కదా.

ఇంకో మాట. ఒక దేశంలో బిగిస్తే తయారీ బిగింపు లేని చోటికి తరలిపోతుంది. ఆ పొగ కలిసేది ఇదే ఆకాశంలో. ఇక్కడ ఉద్యోగాలు పోయి, భూమికి ఒరిగేది ఏమీ లేకపోతే ఆ రూల్ ఎవరి కోసం?

బాయిలర్‌మనిషి:
నేను పద్దెనిమిదేళ్ళు బాయిలర్ హౌస్‌లో షిఫ్టులు చేశాను. ఎక్కడో చెప్పను. కానీ చూసింది చెప్పాలి.

పొగలోని బూడిద పట్టడానికి బ్యాగ్ ఫిల్టర్ ఉండేది. ఒక పెద్ద ఇనప గది, లోపల వరుసగా వేలాడే పొడుగాటి గుడ్డ సంచులు. పొగ వాటి గుండా పోతే బూడిద గుడ్డ మీద పేరుకుంటుంది. కాసేపటికోసారి కంప్రెసర్ గాలితో దెబ్బ కొడితే అది రాలి కింది తొట్టిలో పడుతుంది. సంచులు పాతబడి మూసుకుపోతే పొగ లాగే ఫ్యాన్ మీద లోడ్ పెరుగుతుంది, మంట సరిగ్గా నిలవదు. కొత్త సంచులు తెప్పించాలి. తెప్పించేవాళ్ళు కాదు.

ఫిల్టర్ పక్కనే బైపాస్ డ్యాంపర్, అంటే పొగను ఫిల్టర్ తప్పించి పంపే తలుపు, ఉంటుంది. బాయిలర్ వెలిగించే మొదటి కాసేపు వాడుకోవడానికి పెట్టినది. రాత్రి పదకొండు దాటాక సూపర్‌వైజర్ చెయ్యి ఊపేవాడు, మేం లీవర్ తిప్పేవాళ్ళం. పొగ సంచుల జోలికి పోకుండా తిన్నగా చిమ్నీలోకి పోయేది. ఫ్యాన్ ఆంపియర్ల ముల్లు చూస్తుండగానే కిందికి దిగేది. తెల్లారేసరికి బయట పెట్టిన మా సైకిల్ సీట్ల మీద వేలితో గీస్తే గీత పడేంత మసి.

అప్పుడు మా మీద రూల్ లేదా అంటే ఉంది, కాగితం మీద చాలా గట్టిది. తనిఖీ మాత్రం పగలు, ముందుగా కబురు పెట్టి. పరిమితిని సగానికి తగ్గించినా రాత్రి లీవర్ తిప్పే చెయ్యికి తేడా ఏమిటి? ఆ చెయ్యి నాదే, అందుకే అడుగుతున్నాను.

జమాఖర్చు:
బాయిలర్‌మనిషి గారు చెప్పింది చదివాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. హుకుంలు పెంచితే దొంగదారులు పెరుగుతాయి. వదిలే ప్రతి టన్నుకూ ధర పెట్టండి, ఎలా తగ్గించుకోవాలో వాళ్ళనే చూసుకోనివ్వండి.

నార్వే 1991లో సముద్రంలోని చమురు, గ్యాస్ ఉత్పత్తి మీద కార్బన్ పన్ను వేసింది. అక్కడి స్లైప్నర్ క్షేత్రం గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అమ్మాలంటే ఎలాగూ దాన్ని విడదీయాలి. విడదీసినది గాల్లోకి వదిలితే పన్ను పడుతుంది. దాంతో 1996 నుంచి దాన్ని సముద్రం అడుగున ఇసుకరాతి పొరలోకి పంపడం మొదలుపెట్టారు. చాలా ఏళ్ళు ఏడాదికి పది లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా పంపారు. ఫలానా యంత్రమే పెట్టాలని హుకుం వేయాల్సిన అవసరమే రాలేదు.

సిమెంటు సంగతి చూడండి. సున్నపురాయిని కాలిస్తే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా అదే. బొగ్గు మానేసి కరెంటుతో కాల్చినా ఆగదు. అలాంటి చోట అందరికీ ఒకే శాతం కోత పెడితే కొందరు మూసుకోవాల్సిందే. ధర ఉంటే క్లింకర్ (సున్నపురాయి కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు) తగ్గించి స్లాగ్ (ఇనుము కొలిమి మడ్డి), ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఎక్కువ కలిపే దారి వాళ్ళే వెతుక్కుంటారు.

కొలబద్ద:
జమాఖర్చు గారూ, ధర పెట్టడం కూడా బిగించడమే అంటాను. పరిమితి గట్టిగా లేకపోతే ఆ ధర నిలవదు. ఐరోపా 2005లో కార్బన్ మార్కెట్ తెరిచి, మొదటి విడతలో పర్మిట్లు (ఇన్ని టన్నులు వదలొచ్చనే అనుమతులు, కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు) అవసరానికి మించి, అదీ చాలావరకు ఉచితంగా పంచింది. 2007కల్లా ఆ పర్మిట్ల ధర దాదాపు సున్నాకి పడిపోయింది. తర్వాత కోటా కోసుకుంటూ వస్తేనే 2023 ఫిబ్రవరిలో టన్ను 100 యూరోలు దాటింది.

డబ్బు ఆశ పెట్టి లెక్క సరిగ్గా చూడకపోతే ఏమవుతుందో హెచ్‌ఎఫ్‌సీ-23 కథ చెబుతుంది. ఏసీల్లో వాడే ఒక వాయువును తయారుచేసేటప్పుడు పుట్టే వ్యర్థం అది. కార్బన్ డయాక్సైడ్ కంటే పది వేల రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. దాన్ని కాల్చేస్తే, అమ్ముకుని డబ్బు చేసుకోగలిగే కార్బన్ క్రెడిట్లు ఇస్తామన్నారు. కొన్ని ఫ్యాక్టరీలు ఆ క్రెడిట్ల కోసమే వ్యర్థాన్ని ఎక్కువ పుట్టించాయని తేలింది. 2013 నుంచి ఐరోపా ఆ క్రెడిట్లను ఒప్పుకోవడం మానేసింది. నాకు ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా కోపం వస్తుంది. భూమిని కాపాడటానికి పెట్టిన డబ్బు అది.

బాయిలర్‌మనిషి గారూ, మీరు అడిగినది అసలు ప్రశ్న. అమెరికా ఆమ్ల వర్షాల మీద 1990లో చేసిన చట్టం నాకు నచ్చేది అక్కడే. అందరూ పర్మిట్ల మార్కెట్ గురించి మాట్లాడతారు గానీ, దాని వెన్నెముక మీటరు. ఆ పథకం కిందికి వచ్చిన బొగ్గు విద్యుత్ కేంద్రాలు చిమ్నీకి నిరంతరం కొలిచే పరికరం పెట్టాలి, లెక్క ప్రభుత్వానికి వెళ్ళాలి. పర్మిట్ లేకుండా వదిలిన ప్రతి టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కీ (ఆమ్ల వర్షాలకు ముఖ్య కారణమైన వాయువు) 2,000 డాలర్ల జరిమానా అని చట్టంలోనే రాశారు. ఖర్చు ముందు భయపెట్టినంత కాలేదు. 1990తో పోలిస్తే అక్కడి విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ ఇప్పటికి 90 శాతానికి పైగా తగ్గింది. గ్యాస్ చవకవడం, తర్వాత వచ్చిన రూల్స్ కూడా కలిసొచ్చాయి, అది కూడా ఒప్పుకోవాలి.

మీటరును మోసం చెయ్యలేరా అంటే చేస్తారు. ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో, టెస్ట్ జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టింది. 2015లో బయటపడేసరికి దాదాపు కోటీ పది లక్షల కార్లు అలాంటివి. పట్టుబడింది రోడ్డు మీద నడుస్తున్న కారుకి మీటరు తగిలించి కొలిచినప్పుడే. చెప్పకుండా వెళ్ళి కొలవాలి, రాత్రి కూడా కొలవాలి.

చిన్నపరిశ్రమ గారి తరలిపోయే భయానికి ఐరోపా ఒక జవాబు మొదలుపెట్టింది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల్లాంటివి బయటినుంచి తెస్తే వాటి కార్బన్ లెక్క చెప్పాలని 2023 అక్టోబరు నుంచి అడుగుతోంది, 2026 నుంచి ఛార్జీ కూడా అమల్లోకి వచ్చింది. పేద దేశాల ఎగుమతిదారులకు ఇది భారమే. ఆ వసూళ్ళలో కొంత వాళ్ళ ఫ్యాక్టరీలు మార్చుకోవడానికి ఇవ్వకపోతే అన్యాయమే అవుతుంది. ఇక చిన్న యూనిట్ల వల్ల కాదంటారా, సూరత్‌లో 2019లో మొదలైన ప్రయోగం చూడండి. మూడు వందలకు పైగా ఫ్యాక్టరీలకు, ఎక్కువగా బట్టల మిల్లులు, చిమ్నీ మీటర్లు పెట్టారు. సుమారు సగాన్ని ధూళి పర్మిట్ల మార్కెట్‌లోకి తెచ్చి, మిగతావాటిని పాత రూల్స్ కిందే ఉంచారు. మార్కెట్‌లో ఉన్నవాటి ధూళి 20 నుంచి 30 శాతం తక్కువ. ధూళి తగ్గించే ఖర్చూ తక్కువే పడింది.

బాయిలర్‌మనిషి గారూ, ఆ బైపాస్ ఎప్పటికైనా ఆగిందా?

బాయిలర్‌మనిషి:
ఆగింది. డ్యాంపర్‌కి ఒక చిన్న స్విచ్ బిగించి వైరు లాగారు. తెరిస్తే టైముతో సహా బయటి ఆఫీసులో రికార్డయ్యేది. అది పెట్టాక సూపర్‌వైజర్ ఒక్క రాత్రి కూడా చెయ్యి ఊపలేదు. నెల తిరక్కుండా కొత్త సంచులు వచ్చాయి. పరిమితి అంకె మాత్రం అదే, మారలేదు.

చిన్నపరిశ్రమ:
సూరత్ సంగతి నాకు తెలియదు, చదువుతాను. అక్కడ మీటరు ఖర్చు ఎవరి మీద పడిందో కూడా చూస్తాను.

కానీ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. రూల్ గట్టిదైనా మెత్తదైనా, గడువు మార్చకండి. పోయినసారి గడువు చెప్పినప్పుడు నేను అప్పు చేసి ఫిల్టర్ పెట్టాను. పక్క యూనిట్ ఆయన, పెట్టకపోతే ఏమవుతుందిలే అని ఊరుకున్నాడు. చివరి వారంలో గడువు పొడిగించారు. తర్వాత ఇంకోసారి పొడిగించారు. వాయిదా కట్టేది నేను. ఆ ఖర్చు లేదు కాబట్టి నాకంటే తక్కువ రేటుకి ఆర్డర్లు పట్టేది ఆయన. ఈసారి బిగిస్తాం అంటే ఎవరు ముందు ఖర్చు పెడతారు చెప్పండి? నేనైతే పెట్టను. మాట మీద నిలబడే ప్రభుత్వమైతే బిగించమనే అంటాను, అయిదేళ్ళ ముందే తేదీ చెప్పి, అప్పు దొరికే దారి చూపించి.

నా వాయిదాలు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి. ఆయన చిమ్నీ నా ఆఫీసు కిటికీలోంచి కనబడుతుంది.