ఏసీ వేస్తే కారు కింద నీరు పడడం లేదు, లోపల తివాచీ తడుస్తోంది: డ్రైన్ పైపు మూసుకుపోయిందా?

ప్రశ్న – తడిమ్యాట్

అందరికీ నమస్కారం. ఇదివరకు ఏసీ వేసుకొని కాసేపు తిరిగి వచ్చి కారు ఆపితే కింద చిన్న మడుగు కట్టేది. కొంతకాలంగా అది కనిపించడం లేదు. దానికి బదులు డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట మ్యాట్ ఎత్తి చూస్తే తివాచీ నానిపోయి ఉంటోంది. మలుపు తిరిగినప్పుడు డ్యాష్‌బోర్డు వెనుక నీళ్లు అటూ ఇటూ ఊగుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఏసీ వేసిన కొత్తలో ముక్కిన వాసన కూడా వస్తోంది. చల్లదనంలో మాత్రం తేడా ఏమీ లేదు. వర్క్‌షాపులో చూపిస్తే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నారు. అంతదాకా వెళ్లకుండా ఇంటి దగ్గర చేసుకోగలిగిన పని ఏమైనా ఉందా? డ్రైన్ పైపులోకి కింది నుంచి గాలి కొట్టిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు, అది మంచిదేనా?

సమాధానం – పానాపెట్టె

మీరు చెప్పిన గుర్తులు దాదాపు అన్నీ డ్రైన్ పైపు వైపే చూపిస్తున్నాయి కాబట్టి, డ్యాష్‌బోర్డు విప్పే మాట ఇప్పుడే అవసరం లేదు. కూలింగ్ కాయిల్ సున్నా డిగ్రీల కంటే కొంచెం పైన ఉండేంత చల్లగా పనిచేస్తుంది. దాని మీదుగా వెళ్లే గాలిలోని తేమ నీరుగా మారి, కాయిల్ ఉన్న ప్లాస్టిక్ పెట్టె అడుగుకు చేరి, అక్కడి నుంచి ఒక సన్నని గొట్టం ద్వారా బయటికి పోతుంది. ఆ నీటిని తోసే పంపు ఏదీ లేదు, తన బరువుకు తానే జారిపోవలసిందే. అందువల్ల ఫిల్టర్ దాటి వచ్చిన దుమ్ము, ఆకుల పొడి, ఎప్పుడూ తడిగా ఉండే చోట పెరిగే జిగురు పాచి కలిసి ఒక చిన్న ముద్ద కట్టినా దారి మూసుకుపోతుంది. బయటి కొసను బురద గానీ పురుగులు పెట్టిన గూడు గానీ మూసేయవచ్చు. కారు అడుగున తుప్పు పట్టకుండా పూత వేయించినప్పుడు ఆ పూతే కొసకు అడ్డం పడిన సందర్భాలు కూడా ఉంటాయి.

అయితే పని మొదలుపెట్టే ముందు ఆ తడి ఏ నీటిదో తేల్చుకోండి. తెల్లకాగితంతో అద్ది చూసినప్పుడు రంగు కనిపించినా, వేళ్లకు జారుడుగా తగిలినా, తియ్యని వాసన వచ్చినా అది హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చని గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, కావచ్చు. అప్పుడు బానెట్ కింద డబ్బాలో కూలెంట్ మట్టం కూడా తగ్గుతూ ఉంటుంది, ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంది. ఏసీ వేయని రోజున వాన కురిస్తేనే తడుస్తోందంటే, అద్దం కింద వైపర్ల దగ్గర ఉండే నీటి దారులనో, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలనో అనుమానించాలి.

సమాధానం – నిదానమే ప్రధానం

గాలి కొట్టించడం గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్క విషయమే రాస్తాను: ఊదడం కంటే పీల్చడం మేలు. కింది నుంచి వేగంగా గాలి పంపితే అడ్డం పడిన ముద్ద వెనక్కి పెట్టెలోకే వెళ్లి కొన్నాళ్లకు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అంతేకాక, పెట్టెలో నిలిచిన నీరు పైకి ఎగసి బ్లోయర్ మోటారు వైపు చిమ్మే ప్రమాదం ఉంది. తడిని కూడా లాగగలిగే వాక్యూమ్ క్లీనర్ దొరికితే, దాని గొట్టాన్ని డ్రైన్ పైపు కొసకు ఆనించి, సందు లేకుండా చేత్తో గుడ్డతో చుట్టి పట్టుకొని నడిపించండి.

అంతకంటే ముందు చేయవలసిన తేలిక పని ఒకటి ఉంది. చాలా కార్లలో ఈ గొట్టం ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడ కింది భాగంలోనో, నేల అడుగునో బయటికి వస్తుంది. కొన్నింటిలో దాని కొస రెండు పెదవుల్లా మూసుకొని ఉండే రబ్బరు మూతి. ఆ పెదవుల మధ్యే బురద ఎండి అతుక్కుపోతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక ఆ మూతిని రెండు వేళ్లతో నొక్కి నలిపితే చాలాసార్లు అడ్డం విడిపోతుంది. అప్పుడు నీరు ఒక్కసారిగా దిగుతుంది కాబట్టి మొహం దాని కింద ఉంచవద్దు. కారు కిందికి దూరవలసి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా తప్పనిసరిగా స్టాండ్లు పెట్టండి.

అప్పటికీ వదలకపోతే మెత్తని నైలాన్ తీగను మెల్లగా తిప్పుతూ కొద్ది దూరమే పోనివ్వండి. ఇనుప తీగ వద్దే వద్దు. కొన్ని కార్లలో కాయిల్ ఆ రంధ్రానికి చాలా దగ్గరగా ఉంటుంది, పల్చని అల్యూమినియానికి చిల్లు పడితే గ్యాస్ పోతుంది, ఆ తర్వాత డ్యాష్‌బోర్డు నిజంగానే విప్పించాలి.

సమాధానం – మూడోగేరు

దారి తెరుచుకున్నా తివాచీని అలాగే వదిలేయకండి. పైన చేయి వేస్తే ఆరినట్టే ఉంటుంది గానీ కింద ఉన్న మందపాటి స్పాంజి నీటిని పట్టుకొని ఉంటుంది. చాలా కార్లలో వైర్లు, కనెక్టర్లు అక్కడి నుంచే వెళ్తాయి, వాటికి చిలుము పడితే సంబంధం లేని లోపాలు మరెక్కడో కనిపిస్తాయి. అంచు పట్టీ తీసి తివాచీని పైకెత్తి, కింద గాలి ఆడేలా ఉంచి పూర్తిగా ఆరబెట్టండి.

ఇక ముందుజాగ్రత్త అంటే ప్రధానంగా క్యాబిన్ ఫిల్టరే. దాన్ని మాన్యువల్‌లో చెప్పిన గడువుకు, దుమ్ము రోడ్ల మీద తిరిగితే ఇంకా ముందే మార్చండి. ఫిల్టర్ లేకుండా నడిపితే చెత్త నేరుగా కాయిల్ మీదికే చేరుతుంది. వైపర్ల కింద పేరుకున్న ఆకులు తీసేస్తూ ఉండండి. గమ్యం చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపిస్తే కాయిల్ కొంత ఆరుతుంది, పాచి పెరగడం తగ్గుతుంది. మరో మాట: పొడి వాతావరణంలో సహజంగానే నీరు తక్కువ పడుతుంది, అది చూసి కంగారుపడవలసిన పని లేదు.

ప్రశ్న అడిగినవారు – తడిమ్యాట్

అందరికీ ధన్యవాదాలు. కాగితానికి రంగు గానీ జిడ్డు గానీ అంటలేదు. రబ్బరు మూతిని నలపగానే ముందు నల్లని జిగురు ముద్ద ఒకటి ఊడిపడి, దాని వెనుక మురికి నీరు ధారగా దిగింది. ఇప్పుడు ఏసీ వేస్తే కారు కింద చుక్కలు పడుతున్నాయి, ఊగే చప్పుడు పోయింది. వాసన మాత్రం కొంత మిగిలింది. కాయిల్‌ను శుభ్రం చేసే నురుగు స్ప్రే వాడవచ్చా?

సమాధానం – పానాపెట్టె

వాడవచ్చు, అయితే నీరు ధారాళంగా పోతోందని నిర్ధారించుకున్న తర్వాతే, ఎందుకంటే ఆ నురుగు కరిగాక పోవలసింది కూడా ఈ గొట్టం గుండానే. కారు ఏసీ కాయిల్ కోసమే తయారైన స్ప్రే తీసుకొని, దాన్ని ఎక్కడి నుంచి కొట్టాలో, బ్లోయర్ ఎప్పుడు ఆపాలో డబ్బా మీద రాసినట్టే చేయండి. ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణం మాత్రం వద్దు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. ముందు తివాచీ పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక కూడా వాసన వస్తుంటే అప్పుడు స్ప్రే కొనండి.