నది నుంచి తెచ్చిన రాళ్లను ఆక్వేరియంలో పెట్టే ముందు ఎలా పరీక్షించాలి?

ప్రశ్న – కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో సుమారు 130 లీటర్ల మంచినీటి తొట్టి ఉంది. అందులో నియాన్ టెట్రాలు, కోరీడోరస్ చేపలు పెరుగుతున్నాయి. ఆర్వో నీటిలో కొద్దిగా బోరు నీరు కలిపి వాడుతున్నాను. రెండు నెలల క్రితం పులిచింతల దిగువన కృష్ణ ఒడ్డున మూడు రకాల రాళ్లు ఏరి తెచ్చాను: తెల్లని పలుగురాళ్లు, నున్నని నల్లరాళ్లు, సన్నని చారలున్న బూడిదరంగు పలకరాళ్లు. అన్నింటినీ బ్రష్షుతో రుద్ది కడిగి, సున్నపురాయి అయితే బుడగలు వస్తాయని ఒక్కోదాని మీద వెనిగర్ బొట్లు వేసి చూశాను. ఏ రాయి మీదా బుడగలు రాకపోవడంతో అన్నీ తొట్టిలో అమర్చాను. ఆరు వారాలు గడిచేసరికి 6.8 ఉండే పీహెచ్ 7.8కి, 2 డిగ్రీలుండే కార్బనేట్ కాఠిన్యం (నీటిలో కరిగిన కార్బనేట్, బైకార్బనేట్ల కొలత) 6కు చేరాయి. టెట్రాల రంగు కూడా తగ్గింది. వెనిగర్ పరీక్ష చేసిన తరువాత కూడా ఇలా ఎందుకు జరిగిందో, ఏ రాయి వల్ల జరిగిందో ఎలా తేల్చుకోవాలో చెప్పగలరా?

జవాబు – పలుగురాయి:

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన చోటును బట్టి నా అనుమానం బూడిదరంగు పలకరాయి మీదే. కృష్ణ అక్కడికి రాకముందే పల్నాటి సున్నపురాతి నేలను దాటి వస్తుంది. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చి సున్నం చేసే రాయి ఆ నేలవే. ఆ రాయి ముక్క నీటిలో ఉన్నంతకాలం, చేపల శ్వాస వల్ల నీటిలో చేరే కార్బన్ డయాక్సైడ్ దానిని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం బైకార్బనేట్‌గా మారుస్తుంది. మీ నీటిలో ఖనిజాలు దాదాపు లేని ఆర్వో నీటి పాలు ఎక్కువ కనుక ఆ మార్పు అంకెల్లో స్పష్టంగా తెలిసింది. గట్టి బోరు నీరే వాడి ఉంటే మీరు గమనించేవారు కారు.

ఇక వెనిగర్ సంగతి. అందులో ఎసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతమే ఉంటుంది. నదిలో దొర్లిన రాయి పైన ఎండిన పాచి, మట్టి పొర ఉంటే ఆ కొద్ది ఆమ్లం అసలు రాతిని తాకనే తాకదు. డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి) రకం రాయి అయితే పొడి చేస్తే తప్ప పొంగదు. అందుకని ముందు ఒక మూల పగలగొట్టి, లోపలి తాజా ముఖం మీద ఉక్కు చాకుతో గీయండి. పలుగురాయి మీద గీత పడదు, సున్నపురాయి మీద తేలికగా పడి తెల్లని పొడి రాలుతుంది. ఆ పొడి మీద వెనిగర్ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. కంటికి కనబడని పొంగు సన్నని చప్పుడుగా వినిపిస్తుంది. బాత్రూమ్ కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇంకా కచ్చితంగా చూపిస్తుంది కానీ, ఆరుబయట, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, ఒక్క చుక్కకు మించకుండా వాడాలి.

నేను చివరి తీర్పు మాత్రం బకెట్‌కే వదిలేస్తాను. ఒక్కో రకం రాయిని ఒక్కో బకెట్ ఆర్వో నీటిలో రెండు వారాలు నానబెట్టండి. రాయి లేని బకెట్ ఒకటి పోలికకు ఉంచండి. మొదటి రోజు, చివరి రోజు కార్బనేట్ కాఠిన్యం కొలవండి. తుప్పు రంగు మరకలున్నా, ఇత్తడిలా మెరిసే పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గింజలున్నా, ఆ రాయిని బకెట్ దాకా కూడా తీసుకురాకండి.

జవాబు – తొట్టినీడ:

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, శుభ్రం చేసే పద్ధతి గురించి రాస్తున్నాను. రాళ్లను పొయ్యి మీద ఉడికించమనీ, ఓవెన్‌లో కాల్చమనీ చాలామంది సలహా ఇస్తుంటారు. పగుళ్లలో, పొరల మధ్య చిక్కుకున్న నీరు ఆవిరైతే రాయి పేలి ముఖాన తగలవచ్చు. నేను రాళ్లను బకెట్‌లో ఉంచి, మరిగిన నీటిని పైన పోసి చల్లారనిస్తాను. పాచి మొండిగా ఉంటే ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి ఇరవై పాళ్ల నీరు కలిపి అరగంట ఉంచి, బాగా కడిగి, క్లోరిన్ విరిచే మందు వేసిన నీటిలో ఒక రోజు నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరబెడతాను. బొరియలున్న రాళ్లకు ఈ పద్ధతి వద్దు. వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ తగిలిన రాయిని కడగకుండా బ్లీచ్‌లో వేయకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. సబ్బు అసలే వద్దు. మన గుంటూరు వైపు మిరప, పత్తి చేల పక్క కాలువల్లోని రాళ్లు ఎంత అందంగా ఉన్నా నేను ముట్టుకోను; పురుగుమందు పీల్చుకున్న రాయిని కడిగి నమ్మలేం, రొయ్యలు ముందుగా చనిపోతాయి.

కృష్ణాతీరం (రెండు వారాల తరువాత):

ఇద్దరికీ కృతజ్ఞతలు. పలుగురాళ్ల బకెట్‌లో కాఠిన్యం 1 డిగ్రీ దగ్గరే ఉంది. బూడిదరంగు రాయి ఉన్న నీరు 3కు చేరింది. నేను ఊహించనిది ఏమిటంటే, నల్లరాళ్ల బకెట్ కూడా 2 చూపించింది. వాటి మీద అక్కడక్కడ చిన్న తెల్లని మచ్చలున్నాయి. నల్లరాయి కూడా సున్నపురాయేనా?

జవాబు – పలుగురాయి:

కాదండీ, అది బసాల్ట్ అయి ఉంటుంది. ఎగువన దక్కన్ లావా నేల నుంచి కృష్ణ మోసుకొచ్చిన రాయి. లావా చల్లారినప్పుడు మిగిలిన గాలి బుడగల ఖాళీల్లో తరువాతి కాలంలో కాల్సైట్ (సున్నపురాతిలో ఉండే ఖనిజమే), జియోలైట్, అగేటు వంటి ఖనిజాలు పేరుకున్నాయి. తెల్లని మచ్చను గీసి ఒక చుక్క ఆమ్లం వేసి చూడండి: పొంగితే కాల్సైట్. అలాంటివి పక్కన పెట్టి, మచ్చలు లేని నల్లరాళ్లు నిశ్చింతగా వాడుకోండి. బూడిదరంగు రాళ్లను పారేయకండి, గట్టి నీరు ఇష్టపడే గప్పీలు, మోలీలకు, మలావి సరస్సు సిక్లిడ్లకు అవి సరిగ్గా సరిపోతాయి. మీ టెట్రాల తొట్టి నీటిని ఒకేసారి మార్చకుండా, వారానికి రెండుసార్లు ఐదో వంతు చొప్పున మార్చండి. మళ్లీ అమర్చేటప్పుడు పెద్ద రాళ్లను ఇసుక మీద కాక, అడుగు గాజు మీద పలుచని ఫోమ్ షీటు పరిచి నిలబెట్టి, ఆ తరువాతే ఇసుక పోయండి.