మురుగప్ప గ్రూపు కొనుగోళ్ల చరిత్రకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

చెన్నై కేంద్రంగా ఉన్న వ్యాపార సంస్థల సమూహం మురుగప్ప గ్రూపు ఇతర సంస్థలను కొంటూ ఎదిగిన తీరుపై వ్యాసం రాస్తున్నాను. 1788లో థామస్ ప్యారీ మద్రాసులో మొదలుపెట్టిన వర్తకానికి వారసురాలైన ఈఐడీ ప్యారీని, అది నష్టాల్లో ఉన్న 1981లో, ఈ గ్రూపు చేతుల్లోకి తీసుకుంది. విశాఖపట్నంలో ఎరువుల కర్మాగారం నడిపే కోరమాండల్‌లో ప్యారీకున్న వాటా కూడా దానితోపాటే వచ్చింది. మన రైతులు వాడే, కోరమాండల్ అమ్మే గ్రోమోర్ ఎరువు వెనుక ఇంత కథ ఉందని నేను ఈమధ్యే గ్రహించాను. తరువాత 2003లో, కాకినాడలో కర్మాగారమున్న గోదావరి ఫెర్టిలైజర్స్, 2020లో విద్యుత్ పరికరాలు తయారుచేసే సీజీ పవర్ చేరాయి. ఈ చివరి రెండింటి వివరాలు పత్రికల్లో సులువుగానే దొరుకుతున్నాయి. అయితే నా దృష్టిలో అసలు మలుపు 1981 నాటిదే కనుక, ఆనాడు బ్యాంకులు ఏ షరతులకు అంగీకరించాయో, ఏ విభాగాలను ఉంచుకుని వేటిని వదులుకున్నారో తెలిపే వార్షిక నివేదికలను చెన్నైలో గానీ హైదరాబాదులో గానీ ఏ గ్రంథాలయంలో చూడవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?