రోమన్ మొజాయిక్‌లలో గుర్రపుసాలలు: పక్కన రాసిన పేర్లు నిజమైన గుర్రాలవేనా?

ప్రశ్న (పెదవాల్తేరు, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఆర్కే బీచ్‌లో పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రాల బొమ్మలను మూడేళ్లుగా గీస్తున్నాను. బేరం లేని వేళ గుర్రం ఒక వెనుక కాలికి విశ్రాంతినిచ్చి, ఆ డెక్క కొసను మాత్రమే ఇసుకకు ఆనించి నిలబడే తీరు నాకు ఇప్పటికీ సరిగా పట్టుబడలేదు. తొట్లకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ వెండి నాణేల గురించి చదువుతూ రోమన్ మొజాయిక్‌ల వైపు వెళ్లాను. పందెపు రథాలు చాలా కనిపించాయి గానీ, సాలలో కట్టేసిన గుర్రాన్ని చూపినవి అరుదుగా ఉన్నాయి. అలాంటివి ఏవి? గుర్రాల పక్కన రాసిన పేర్లు నిజమైనవా, కల్పితాలా?

జవాబు (ఎంవీపీ కాలనీ)

మీరు వెతుకుతున్నది ఉత్తర ఆఫ్రికాలో ఉందండి. రోమన్ పందేలకు మేలుజాతి గుర్రాలను పెంచి పంపిన ప్రాంతాల్లో అది ముఖ్యమైనది కాబట్టి, అక్కడి సంపన్నులు తమ గుర్రాలను ఇంటి నేలమీదే చిత్రింపజేసుకున్నారు. అల్జీరియాలోని కాన్‌స్టంటీన్ నగరానికి సమీపంలో, పాంపేయానస్ అనే భూస్వామి స్నానశాలలో 1878లో బయటపడిన మొజాయిక్‌లో, దుప్పట్లు కప్పిన గుర్రాలు గాడి ముందు కట్టేసి ఉంటాయి. పోలిడాక్సస్ అనే గుర్రం దగ్గర "గెలిచినా, గెలవకపోయినా, నిన్ను ప్రేమిస్తాం పోలిడాక్సస్" అని లాటిన్‌లో రాసి ఉంటుంది. పందెపు గుర్రాన్ని గురించి ఇంత ఆప్యాయమైన మాట నాకు మరెక్కడా కనిపించలేదు.

పేర్లు నిజమైనవేనని నేను గట్టిగా నమ్ముతాను. ట్యునీషియాలోని సూస్‌లో దొరికిన మొజాయిక్‌లో గుర్రాల ఒంటిమీద సోరోథస్ అనే యజమాని పేరు ముద్రగా కనిపిస్తుంది. అంతకంటే బలమైన ఆధారం మరొకటి ఉంది. అదే సూస్‌లోనూ కార్తేజ్‌లోనూ, ప్రత్యర్థి జట్టు గుర్రాలు పడిపోవాలని శపిస్తూ, ఒక్కొక్క గుర్రాన్నీ పేరుపెట్టి రాసిన సీసపు రేకులు దొరికాయి. మన ఊళ్లలో చేతబడి అంటామే, అలాంటిదే. ఊహల్లోని గుర్రం మీద ఎవరూ అంత కక్ష పెంచుకోరు గదా.

జవాబు (గాజువాక, గచ్చు పనిలో ఉన్నవాణ్ని)

ఒక్క మాట చేర్చాలి. మన పాత ఇళ్లలో మొజాయిక్ అనేది సిమెంటులో రాతి చిప్స్ కలిపి పోసి, ఆరాక మెషిన్‌తో అరగదీసే గచ్చు. రోమన్లది అది కాదు. రంగురాళ్లను చిన్న ఘనాలుగా కొట్టి, సున్నపు గారమీద ఒక్కొక్కటే పేర్చేవారు. గుర్రం బొమ్మ చుట్టూ నేపథ్యపు రంగు రాళ్లనే ఒకటి రెండు వరుసలు, మెడ వంపునూ పొట్ట అంచునూ అనుసరిస్తూ పేర్చి, ఆ తర్వాతే మిగిలిన నేలను అడ్డవరుసల్లో నింపడం మంచి పనివాళ్ల పద్ధతి. ఫొటోను బాగా పెద్దది చేసి ఆ వరుసలను చూడండి. కండరం ఎటు తిరిగిందో రంగు కంటే ముందు రాళ్ల వరుసే చెబుతుంది. పాంపేలో 1831లో బయటపడి, ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న అలెగ్జాండర్ మొజాయిక్‌లో ఒక గుర్రం మనకు పూర్తిగా వెనుక నుంచి కనిపిస్తుంది. పిరుదుల గుండ్రదనాన్ని రాళ్లతో అలా తేవడం ఎంత కష్టమో పని చేసేవాడికి తెలుస్తుంది.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పోలిడాక్సస్ బొమ్మను చూసి గీయాలని ఉంది. అసలు మొజాయిక్ ఏ మ్యూజియంలో ఉంది?

జవాబు (ఎంవీపీ కాలనీ)

ఆ సంగతి ముందే రాయవలసింది, క్షమించండి. అసలుది నాశనమైపోయింది, అప్పట్లో వేసుకున్న చిత్రాల ద్వారానే మనకు తెలుసు. కాబట్టి రాళ్ల వరుసలను గమనించి గీయడానికి అది పనికిరాదు. పోర్చుగల్‌లోని తోర్రె ద పాల్మా భవనంలో దొరికిన అయిదు గుర్రాల మొజాయిక్ లిస్బన్ పురావస్తు మ్యూజియంలో భద్రంగా ఉంది. తలమీద తురాయితో, పక్కన పేరుతో ఒక్కొక్క గుర్రం విడిగా ఉంటుంది. ముందుగా హైబెరస్ అనే దానితో మొదలుపెట్టండి.