ఫిడిల్ శ్రుతిని ఏ-ఈ-ఏ-ఈకి మార్చినప్పుడు బ్రిడ్జ్ (తీగలను మోసే చిన్న చెక్క) వాలకుండా ఎలా?

అపలాచియన్ ఓల్డ్ టైమ్ (అమెరికా కొండప్రాంతపు పాత జానపద శైలి) ఫిడిల్ వాయించేవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ‘ఏ’ కీ (స్థాయి) ట్యూన్లకు మామూలు జీ-డీ-ఏ-ఈ శ్రుతి నుంచి జీ తీగను ‘ఏ’కి, డీ తీగను ‘ఈ’కి, ఒక్కోటి రెండేసి సెమీటోన్లు పెంచుతున్నాను. ఆ రెండూ బిగిసేసరికి మిగతా రెండూ దిగిపోతాయి. వాటిని సరిచేస్తే మొదటివి జారతాయి. పైగా పెగ్ (తీగ బిగించే బిరడా) తిప్పిన ప్రతిసారీ తీగ లాగడంతో బ్రిడ్జ్ పైఅంచు ఫింగర్‌బోర్డ్ వైపు వాలుతోంది. బ్రిడ్జ్ గాడుల్లో పెన్సిల్ పొడి రాస్తే వాలడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

మన కర్ణాటక వయొలిన్ స-ప-స-ప కూడా ఇవే అంతరాలు. కానీ అక్కడ కచేరీ మధ్యలో శ్రుతి మార్చే పని ఉండదు కదా! ఇక్కడ స్క్వేర్ డాన్స్‌లో ‘డీ’ కీ ట్యూన్ అవగానే ‘ఏ’ కీ ట్యూన్ కావాలంటారు. బాంజో వాళ్లకేం, రెండో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి, ఐదో తీగను పెంచేస్తే సరి.

స్టీల్ కోర్ తీగలు సింథటిక్ వాటికంటే త్వరగా నిలబడతాయా? లావు తక్కువ జీ తీగ వేస్తే మామూలు శ్రుతిలో వదులుగా మోగుతుందా? వారాల తరబడి ఏ-ఈ-ఏ-ఈలోనే ఉంచితే పైచెక్కకు దెబ్బా? లేక రెండో ఫిడిల్ కొనుక్కోవడమే నయమా?