‘చేతివాటం’ మెచ్చుకోలేనా?

ప్రశ్న: ఈమధ్య కన్నుమూసిన ఒక వడ్రంగి మామయ్య గురించి సంస్మరణ సంచికకు ఒక పేజీ రాయాలి. వయసు మీదపడ్డాక ఆయన పని మానుకున్నారు. చిత్తుప్రతిలో మొదటి వాక్యం: “విశ్రాంత వడ్రంగి, గొప్ప చేతివాటం గల మా మామగారు స్వర్గస్థులయ్యారు.” ‘చేతివాటం’ తీసేయమంటున్నారు. పనితనం అనే అర్థం దానికి లేదా?

జవాబు: ఉందండీ. వాటం అంటే అనువు, ఒడుపు. ‘ఎడమచేతివాటం’లో ఇప్పటికీ ఏ దోషమూ లేదు. కానీ ‘చేతివాటం చూపించాడు’ అంటే గల్లాపెట్టెలో డబ్బు మాయమైందనే ఎవరైనా చదువుకుంటారు. పత్రికలు ఆ మాటను దొంగతనాలకే వాడి వాడి ఖాయం చేసేశాయి. ‘హస్తలాఘవం’ అందామన్నా దానికీ అదే గతి పట్టింది. ‘అందెవేసిన చెయ్యి’ కొంత నయం, అయితే అది మోసగాళ్ల పక్కన కూడా తిరుగుతోంది. మీకు కావలసింది ‘చెయ్యి తిరిగిన వడ్రంగి’. చేసి చేసి వచ్చిన నేర్పు అనే అర్థం అందులోనే ఉంది, వంక పెట్టడానికేమీ లేదు.

ఇంకొకరు: అంతకన్నా పెద్ద చిక్కు ‘మామగారు’. భార్య తండ్రో భర్త తండ్రో అనుకుంటారు. అమ్మకు తోడబుట్టినవారైతే ‘మేనమామ’ అని ఒకసారి రాసి తర్వాత ‘మామయ్య’ అనండి. మేనత్త భర్త కూడా మామయ్యే గాని మేనమామ కారు.

‘విశ్రాంత’ కూడా ఇక్కడ అతకదు. విశ్రాంత ఉపాధ్యాయుడు, విశ్రాంత న్యాయమూర్తి అంటాం, వాళ్లు ఒక తేదీన పదవి దిగినవాళ్లు. వడ్రంగికి పదవీ లేదు, విరమణ ఉత్తర్వూ రాదు. ‘మాజీ వడ్రంగి’ మరీ అన్యాయం, పని వదిలితే విద్య పోతుందా? ‘వయసు మీదపడి పని మానుకున్నారు’ అని మీ ప్రశ్నలోనే హాయిగా రాశారు. అదే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: సరే. తర్వాతి పేరా ‘కార్యదక్షులు, నిగర్వి, స్నేహశీలి’ అని మొదలవుతుంది. అది ఉండొచ్చా?

జవాబు: ఉండొచ్చు, కానీ ఆ మూడూ ఎవరికైనా అంటించొచ్చు. వడ్రంగి కనబడాలంటే ఆయన పనిముట్లూ వాటి క్రియలూ రావాలి. బాడిసతో చెక్కుతారు, చిత్రికతో నునుపు చేస్తారు, బరమాతో తొలుస్తారు, ఉలికి సానపడతారు. ‘బాడిసతో చిత్రిక పట్టేవారు’ అని రాస్తే తెలిసినవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు. నార వాలు చూసి చిత్రిక పడితే చెక్క అద్దంలా వస్తుంది, ఎదురు పడితే పెచ్చులు లేస్తుంది. ‘చెక్క తిప్పి చూసి గాని చిత్రిక ఎత్తేవారు కాదు’ అంటే కార్యదక్షత అని వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకొకటి: ‘తలుపు పలకకు జిగురు పెట్టనిచ్చేవారు కాదు.’ తెలియనివాళ్లకు పిసినారితనంలా వినిపిస్తుంది కాబట్టి కారణం కూడా రాయాలి. తేమకు చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే పలకను చట్రం గాడిలో వదులుగా కూర్చోబెడతారు. జిగురుతో బిగిస్తే ఎండినప్పుడు పలక నిలువునా చీలుతుంది, ఉబ్బినప్పుడు చట్రం అతుకులు విడిపోతాయి. అయితే ఆయన నిజంగా అలా చేసేవారో లేదో కలిసి పనిచేసినవాళ్లను అడిగే రాయండి. సంస్మరణలో కల్పించిన పనితనం ఇట్టే దొరికిపోతుంది.

‘చేవగల మనిషి’ కూడా వాడుకోవచ్చు. చేవ అంటే మాను లోపలి ముదురు భాగం, వడ్రంగి వెతికేది దాన్నే. కానీ ఒక్కసారే, రెండోసారి వాడితే చమత్కారం చూపించుకుంటున్నట్టుంటుంది.

ఇంకొకరు: అచ్చుకు ఇచ్చేముందు రెండు చూసుకోండి. ఒక పేరాలో ‘చేసేవారు’, మరో పేరాలో ‘చేసేవాడు’ అని పడుతుంటాయి. చనువుతో ‘చేసేవాడు’ అనుకుంటే చివరిదాకా అదే ఉంచండి, తప్పేమీ కాదు. పేరు ముందు ‘కీర్తిశేషులు’ ఉంటే మళ్లీ ‘స్వర్గీయ’ వద్దు, ఏదో ఒకటి చాలు.